రైజెన్ 5 2600 నుంచి ఎటు వెళ్లాలి? బీ450 బోర్డు ఉన్నవాళ్లకు నా సలహా

ముందు మీ పరిస్థితిని క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీ దగ్గర ఉన్నది రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 2666 స్పీడు 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 కార్డు, 144 హెర్ట్జ్ 1080పీ మానిటర్. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడుతుంటే మామూలుగా ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేముల సంఖ్య) బాగానే కనిపిస్తుంది, కాల్పులు మొదలవగానే ఆట తడబడుతుంది. పెద్ద ఓపెన్ వరల్డ్ గేముల్లో జనం ఉన్న వీధిలోకి వెళ్తే కుదుపులు. రైజెన్ 5 5500, 5600, 5700ఎక్స్3డీ, లేదా బోర్డుతో సహా మార్చేసి ఇంటెల్ ఐ5 12400ఎఫ్, వీటిలో ఏది కొనాలని అడిగారు. బడ్జెట్ తక్కువని కూడా చెప్పారు.

నా జవాబు రైజెన్ 5 5600. బోర్డు మార్చకండి. అయితే ప్రాసెసర్‌కి ఆర్డర్ పెట్టే ముందు ఒక పరీక్ష చేసి, ర్యామ్ సంగతి తేల్చుకోండి. మీరు పడుతున్న ఇబ్బందిలో కొంత భాగం ఆ ఒంటరి స్టిక్ వల్లే అని నాకు గట్టి అనుమానం.

పరీక్ష ఇలా చేయాలి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఆట నడుస్తుండగా స్క్రీన్ మూలన ఎఫ్‌పీఎస్, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేము తయారవడానికి పట్టే సమయం) గ్రాఫ్ కనిపించేలా పెట్టుకోండి. ఎక్కడ కుదుపు వస్తుందో అక్కడే నిలబడి అంకెలు రాసుకోండి. తర్వాత మిగతా సెట్టింగులేవీ ముట్టుకోకుండా రిజల్యూషన్ ఒక్కటే 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా పెరిగితే ఇన్నాళ్లూ వెనక్కి లాగుతున్నది గ్రాఫిక్స్ కార్డు. దాదాపు అక్కడే ఉండిపోతే ప్రాసెసర్ లేదా ర్యామ్. చాలామంది ఈ పరీక్షకి ‘లో’ ప్రీసెట్ పెట్టేస్తారు, అలా చేయొద్దు. ప్రీసెట్ తగ్గిస్తే వీధిలో జనం తగ్గుతారు, దూరంగా కనిపించే వస్తువులు తగ్గుతాయి, నీడలు తగ్గుతాయి. ఇవన్నీ ప్రాసెసర్ మీద కూడా పడే భారమే కాబట్టి ఏది ఎవరి వల్ల తగ్గిందో తేలదు.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 40 శాతమే చూపిస్తోంది కాబట్టి ప్రాసెసర్‌కి ఇంకా ఖాళీ ఉందని మీరు రాశారు. ఆ అంకె మీద ఆధారపడకండి. మీ 2600కి 12 థ్రెడ్లు, అంటే ఒకేసారి పని నడిపే 12 దారులు ఉన్నాయి. ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతం చిల్లర మాత్రమే. ఆటల్లో సాధారణంగా ఒకటి రెండు ప్రధాన థ్రెడ్ల మీదే ఎక్కువ భారం ఉంటుంది. అవి ఆయాసపడుతుంటే మిగతావి ఖాళీగా కూర్చున్నా మీకు ఒరిగేదేమీ లేదు. అందుకే సీపీయూ శాతాన్ని వదిలేసి జీపీయూ శాతాన్ని చూడమంటాను. ఎఫ్‌పీఎస్ లిమిట్, వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ఏవీ ఆన్‌లో లేనప్పుడు కూడా జీపీయూ 60, 70 శాతం దగ్గరే తిరుగుతుంటే, ప్రాసెసర్ నుంచి పని అందక అది ఎదురుచూస్తోందన్నమాట. 97, 98 దగ్గర ఉంటే కొత్త ప్రాసెసర్ కొని డబ్బు తగలెయ్యొద్దు.

సగటు ఎఫ్‌పీఎస్‌ని కూడా నమ్మలేం. 144 హెర్ట్జ్ మానిటర్‌కి సరిపడా నడవాలంటే ఒక్కో ఫ్రేము 6.9 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. సెకనులో నూటికి పైగా ఫ్రేములు సరిగ్గా వచ్చి, ఒక్కటి మాత్రం 50 మిల్లీసెకన్లు తీసుకుంటే సగటులో అది కనిపించనే కనిపించదు, మీ కంటికి మాత్రం కుదుపుగా తగులుతుంది. మీరు చెప్పిన తడబాటు సరిగ్గా ఇదే. రివ్యూల్లో ‘1 శాతం లో’ అని ఇచ్చే అంకె ఈ చెడ్డ ఫ్రేముల గురించే. ప్రాసెసర్లను పోల్చేటప్పుడు నేను ముందు ఆ గీతే చూస్తాను, సగటు తర్వాత.

ప్రాసెసర్ మార్చినా పోని కుదుపులు కొన్ని ఉంటాయి. గేమ్ పాత హార్డ్ డిస్కు మీద ఉంటే కొత్త ప్రాంతం లోడయ్యేటప్పుడు ఆగుతుంది, దానికి మందు ఎస్ఎస్‌డీ. టెక్స్చర్లు మరీ పెద్దవి పెట్టి కార్డులోని 8 జీబీ మెమరీ నిండిపోతే మిగిలినది సిస్టమ్ ర్యామ్ నుంచి రావాలి. కార్డునీ బోర్డునీ కలిపే దారి పేరు పీసీఐఈ. ఆర్‌ఎక్స్ 6600కి అందులో ఎనిమిది లేన్లే (వరసలే) ఉన్నాయి, మీ బీ450 బోర్డు పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది. ఆ దారి ఇరుకు కాబట్టి దెబ్బ గట్టిగానే తగులుతుంది. టెక్స్చర్లు ఒక మెట్టు దించితే సరి.

ఇప్పుడు ర్యామ్. ఒక్క స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కి, మెమరీకి మధ్య సగం దారే తెరిచి ఉన్నట్టు. 2666 స్పీడు ఒక్క స్టిక్ నుంచి గరిష్ఠంగా సెకనుకు 21 జీబీ డేటా వస్తుంది. అదే 3200 స్పీడువి రెండు పెడితే 51 జీబీ. పైగా రైజెన్ చిప్పుల్లో లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ వేగం కూడా మెమరీ వేగంతో పాటే నడుస్తుంది కాబట్టి నెమ్మది ర్యామ్ దెబ్బ రెండువైపులా పడుతుంది. ఎక్కువ ఖర్చు వద్దనుకుంటే మీ స్టిక్‌కి జతగా ఇంకో 16 జీబీ స్టిక్ కొనండి, కొత్తది 3200ది అయినా రెండూ 2666 దగ్గరే కలిసి నడుస్తాయి. 3200 స్పీడు కూడా కావాలంటే పాతది అమ్మేసి ఒకే డబ్బాలో వచ్చే రెండు స్టిక్కుల కిట్ తీసుకోండి. కానీ మొదటి లాభం రెండు స్టిక్కులు కలిసి రెండు దారుల్లో నడిచే డ్యూయల్ ఛానల్‌దే, స్పీడుది రెండోది.

నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. పక్కపక్కనే గుచ్చేసి డ్యూయల్ ఛానల్ వచ్చేసిందనుకునేవాళ్లు చాలామంది. తర్వాత బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి, కొన్ని బోర్డుల్లో దాన్ని డీఓసీపీ అంటారు. అది ఆన్ చేయకపోతే డబ్బా మీద 3200 అని రాసి ఉన్నా ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంది. ఇదంతా అయ్యాక మళ్లీ అదే వీధిలో నిలబడి అవే అంకెలు చూడండి. మీకు అది చాలనిపిస్తే ప్రాసెసర్ కొనడం వాయిదా వేసుకోవచ్చు కూడా.

చాలదనిపిస్తే, 5600 ఎందుకో చెప్తాను. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ పేర్ల గందరగోళంలోనే.

ఆటలకి కోర్ల (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాల) సంఖ్య కన్నా ఒక్కో కోరు వేగం, దాని పక్కనే ఉండే ఎల్3 క్యాష్ మెమరీ ముఖ్యం. ఆట నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ ప్రతి ఫ్రేముకీ బోలెడు చిన్నచిన్న వివరాలు వెతుక్కుంటుంది: ఎవరు ఎక్కడున్నారు, ఏ గోడకి ఏది తగిలింది, ఏ శబ్దం ఎటు నుంచి రావాలి. అవి క్యాష్‌లో దొరికితే పని చకచకా సాగుతుంది, లేకపోతే ర్యామ్ దాకా వెళ్లి రావాలి. పనిముట్లు చేతికింద ఉన్న వడ్రంగికీ, ప్రతి మేకుకీ గోడౌన్ దాకా నడిచే వడ్రంగికీ ఉన్నంత తేడా అది.

మీ 2600లో ఆరు కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపుకి 8 ఎంబీ ఎల్3 ఉంటుంది. ఒక గుంపులోని కోరుకి రెండో గుంపులోని సమాచారం కావాలంటే చుట్టూ తిరిగి రావాలి. 2019లో జెన్ 2 తరంలో వచ్చిన 3600లో గుంపుకి 16 ఎంబీ చేశారు, కానీ గుంపులు రెండూ అలాగే ఉన్నాయి. 2020 చివర్లో మొదలైన జెన్ 3 తరంలో ఆ గోడ తీసేశారు. 5600లో ఆరు కోర్లూ కలిసి 32 ఎంబీని పంచుకుంటాయి. ఒక క్లాకులో జరిగే పని జెన్ 2లో సుమారు 15 శాతం, జెన్ 3లో దాని మీద ఇంకో 19 శాతం పెరిగిందని ఏఎండీ ప్రకటించింది. క్లాకు కూడా 3.9 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కి పెరిగింది. కాగితం మీద గుణిస్తే ఒక్కో కోరు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆటలో ఎంత కనిపిస్తుందన్నది మీ కార్డు ఎక్కడ అడ్డం పడుతుందన్న దాన్నిబట్టి ఉంటుంది. కాల్పుల మధ్యలో వచ్చే ఆ తడబాటు మాత్రం బాగా తగ్గుతుంది, నన్ను అడిగితే మీరు డబ్బు పెట్టాల్సింది దానికే.

5500 చూడటానికి 5600కి తమ్ముడిలా కనిపిస్తుంది. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, 4.2 గిగాహెర్ట్జ్. లోపల ఉన్నది వేరే చిప్పు. ల్యాప్‌టాప్ కోసం చేసిన డిజైన్‌ని గ్రాఫిక్స్ భాగం ఆపేసి డెస్క్‌టాప్‌లోకి తెచ్చారు. దాని ఎల్3 16 ఎంబీ మాత్రమే, 5600లో సగం. పీసీఐఈ కూడా 3.0తోనే ఆగుతుంది. మీ బోర్డే 3.0 కాబట్టి రెండోది మీకు నష్టం కాదు, మొదటిది కచ్చితంగా నష్టం. 5600జీ, 5600జీటీ, చివర ఎక్స్ లేని 5700 కూడా ఇదే కుటుంబం, వాటి ఎల్3 కూడా 16 ఎంబీయే. ముఖ్యంగా ఆ 5700 విషయంలో జాగ్రత్త. ఎనిమిది కోర్లని, అంకె పెద్దదని చూసి కొంటారు, తీరా చాలా ఆటల్లో అది 5600 కన్నా వెనకపడుతుంది. రెండింటి ధరల మధ్య తేడా నిజంగా పెద్దదై, మీ జేబు అంతకు మించి ఒప్పుకోనప్పుడే 5500 తీసుకోండి. అప్పుడు కూడా 2600 మీద అది మెరుగే.

5600ఎక్స్ ఎక్కడైనా అదే ధరకి దొరికితే సందేహించక్కర్లేదు, దానికోసం ఎక్కువ పెట్టాల్సిన పని మాత్రం లేదు. ఆటతో పాటు స్ట్రీమింగ్, వీడియో ఎడిటింగ్ కూడా చేస్తుంటే 5700ఎక్స్ ఆలోచించండి. ఎనిమిది కోర్లు, పూర్తి 32 ఎంబీ, విద్యుత్ వాడకమూ తక్కువే. డబ్బాలో కూలర్ రాదని మర్చిపోకండి.

5700ఎక్స్3డీ విషయానికొస్తే, చిప్పు గొప్పదే. ప్రాసెసర్ మీద ఇంకో పొర క్యాష్ పేర్చి మొత్తం 96 ఎంబీ చేశారు. క్లాకు 4.1 దగ్గరే ఉన్నా ఆటల్లో మామూలు 5700ఎక్స్‌ని దాటిపోతుందంటే క్యాష్ విలువేమిటో తెలుస్తుంది. కానీ మీ ఆర్‌ఎక్స్ 6600తో 1080పీ హై సెట్టింగుల్లో, 5600 పెట్టగానే చాలా ఆటల్లో భారం గ్రాఫిక్స్ కార్డు మీదకి మారిపోతుంది. ఆ తర్వాత ప్రాసెసర్ ఎంత వేగంగా ఉన్నా కార్డు ఇవ్వగలిగినంతే. అన్ని సెట్టింగులూ తగ్గించి పోటీకి ఆడేవాళ్లు, సిమ్యులేటర్లు, వేలకొద్దీ పాత్రలు తిరిగే స్ట్రాటజీ గేములు ఆడేవాళ్లు, ఏడాదిలో పెద్ద కార్డు కొంటామని ఖాయంగా తెలిసినవాళ్లు ఎక్స్3డీ తీసుకుంటే అర్థముంది. మీరు ఆ డబ్బు తేడాని దాచుకుని తర్వాత కార్డుకి వాడుకోండి. ఒకవేళ ఎక్స్3డీయే కొంటే మంచి కూలర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి, అది వేడెక్కే చిప్పు.

ఐ5 12400ఎఫ్ మంచి ప్రాసెసర్, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆటల్లో అది 5600కి అటూఇటూగా ఉంటుంది. దానికోసం మీరు బోర్డు కూడా కొనాలి, పాత బోర్డు అమ్మాలి, కంప్యూటర్ మొత్తం విప్పాలి, విండోస్ యాక్టివేషన్ కూడా మళ్లీ చూసుకోవాల్సి రావచ్చు. ఇంత చేసి చేరేది దాదాపు అదే చోటికి. మీ బీ450 బోర్డు పాడైపోయి ఉంటే అప్పుడు మాట వేరు. బోర్డు మార్చే ఖర్చు ఎలాగూ పెట్టాలనుకుంటే డీడీఆర్5 ర్యామ్‌తో ఏఎండీ తర్వాతి సాకెట్ ఏఎం5 వైపు వెళ్లి 7500ఎఫ్ లేదా 7600 పెట్టుకోవడం మేలు. ఆ సాకెట్‌ని 2027 దాటేదాకా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి ముందుముందు ఇంకోసారి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. కానీ అది బడ్జెట్ అప్‌గ్రేడ్ అనిపించుకోదు.

ఇంటెల్ బోర్డులున్నవాళ్ల కోసం రెండు మాటలు. 6, 7 తరాల బోర్డులూ 8, 9 తరాల బోర్డులూ చూడటానికి ఒకే 1151 సాకెట్, అయినా ఒకదానివి ఇంకోదాంట్లో నడవవు. 9400ఎఫ్ లాంటి ఆరు థ్రెడ్ల ప్రాసెసర్ ఉన్నవాళ్లు పాత ఐ7 కోసం పెద్ద మొత్తం పెట్టే బదులు కొత్త బోర్డుకి వెళ్లడమే నయం. 12వ తరం ఐ3 మీద ఉన్నవాళ్లు అదృష్టవంతులు, అదే బోర్డులో 13, 14 తరాలవి కూడా పెట్టుకోవచ్చు. ఆ రెండు తరాల్లోని పెద్ద చిప్పుల్లో వోల్టేజి వల్ల అస్థిరత సమస్య వచ్చి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి నియంత్రణ కోడ్) అప్‌డేట్లు ఇచ్చింది. కాబట్టి వాటిని పెట్టే ముందు తాజా బయోస్ తప్పనిసరి.

మళ్లీ మీ బోర్డు దగ్గరికి వద్దాం. కొత్త ప్రాసెసర్ చేతికొచ్చిన ఉత్సాహంలో వెంటనే పాతది పీకెయ్యకండి. ముందు 2600 ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. బోర్డు కంపెనీ సైటులో మీ మోడల్ పేరు, బోర్డు మీద అచ్చేసిన రివిజన్ నంబరుతో సహా సరిచూసుకుని, సపోర్ట్ జాబితాలో 5600 ఎదురుగా ఏ వెర్షన్ నుంచి అని రాసి ఉందో చూడండి. ఆ వెర్షన్ లేదా దాని తర్వాతది వెయ్యండి. 2022 మధ్య తర్వాత వచ్చిన వెర్షన్లలో ఎఫ్‌టీపీఎం (భద్రతా కీలను దాచే ఏర్పాటు) వల్ల అప్పుడప్పుడూ వచ్చే కుదుపుల సమస్యకి కూడా ఏఎండీ పరిష్కారం కలిపింది, అదొక అదనపు లాభం. కొన్ని పాత బోర్డుల్లో బయోస్ చిప్పులో చోటు చాలక, కొత్త ప్రాసెసర్లకి సపోర్ట్ ఇస్తూ బాగా పాతవాటికి తీసేశారు. అందుకే వెర్షన్ పక్కన రాసిన గమనికలు చదవకుండా ఫైలు దించుకోవద్దు. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోకూడదు, యూపీఎస్ ఉంటే దాని మీదే చేయండి.

విండోస్‌లో డ్రైవుకి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే బయోస్ అప్‌డేట్‌కి ముందే దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీని ఫోన్‌లోనో కాగితం మీదనో రాసి పెట్టుకోండి. ఎందుకంటే కొత్త ప్రాసెసర్‌తో మొదటిసారి ఆన్ చేయగానే నల్ల తెర మీద ఒక సందేశం రావచ్చు. కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎంని రీసెట్ చేయమంటే వై నొక్కండి, వద్దంటే ఎన్ నొక్కండి అని దాని సారాంశం. చాలామంది అక్కడ టెన్షన్ పడి బోర్డు పోయిందనుకుంటారు. కీ మీ దగ్గర ఉంటే నిశ్చింతగా వై నొక్కొచ్చు. కీ లేకుండా నొక్కితే ఎన్‌క్రిప్ట్ అయిన డ్రైవులోని ఫైళ్లు అందకుండా పోయే ప్రమాదం ఉంది.

కూలర్ తీసే పద్ధతి అన్నిటికన్నా ముఖ్యం. మీ బోర్డు సాకెట్ ఏఎం4. దాని ప్రాసెసర్లకి పిన్నులు చిప్పుకే ఉంటాయి, మొత్తం 1331. సాకెట్ పక్కనున్న లివర్ ఆ పిన్నులను పట్టుకుంటుంది గానీ చిప్పుని పైనుంచి అదిమిపెట్టే మూత ఏదీ లేదు. పాత థర్మల్ పేస్ట్ గట్టిపడి కూలర్‌కీ చిప్పుకీ మధ్య జిగురులా పట్టేసి ఉంటుంది. కూలర్‌ని నిటారుగా పైకి లాగితే లివర్ మూసి ఉండగానే ప్రాసెసర్ దానితో పాటు ఊడివస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని కాసేపు ఏదైనా ఆట నడిపి చిప్పు వేడెక్కాక కంప్యూటర్ ఆపి, స్విచ్ తీసేసి, కూలర్ స్క్రూలు నాలుగూ మూలకి మూల ఎదురుగా కొంచెం కొంచెంగా వదులు చేయండి. తర్వాత కూలర్‌ని ఎత్తకుండా, ఎడమకీ కుడికీ మెల్లగా తిప్పండి. మొదట కదలదు. కాసేపటికి పట్టు వదిలి జారుతున్నట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తాలి. కొత్త చిప్పుని సాకెట్‌లో పెట్టేటప్పుడు చిప్పు మూలనున్న బంగారు త్రిభుజం, సాకెట్ మూలనున్న త్రిభుజం గుర్తు రెండూ ఒకే వైపు ఉండాలి, దాని బరువుకి అదే దిగాలి. వేలితో నొక్కాల్సి వస్తోందంటే ఏదో తేడా ఉన్నట్టే, తీసి పిన్నులు చూడండి.

5600 కూడా మీ 2600లాగే 65 వాట్ల చిప్పు. డబ్బాలో కూలర్ వస్తుంది, పవర్ సప్లై మార్చక్కర్లేదు, బోర్డు మీదా కొత్త భారమేమీ పడదు. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే చిప్పు కిందివైపు దగ్గరగా తీసిన ఫొటో అడగండి. పక్కనుంచి చూస్తే పిన్నుల వరసలు దువ్వెన పళ్లలా తిన్నగా కనిపించాలి. పై మూత మీద మోడల్ అంకె చెరిగిపోయి ఉన్నా, గీకినట్టున్నా వద్దనండి.

పెట్టాక బయోస్‌లో ఎక్స్ఎంపీ మళ్లీ ఆన్ చేయండి, ప్రాసెసర్ మార్చాక అది చాలాసార్లు ఆఫ్ అయిపోతుంది. ఏఎండీ చిప్‌సెట్ డ్రైవరు తాజాది వేసుకోండి. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. మొదట్లో నిలబడిన ఆ వీధిలోనే మళ్లీ నిలబడి ఫ్రేమ్ టైమ్ గీత చూడండి. జీపీయూ 95 దాటి ఉండి, గీత చదునుగా సాగుతుంటే పని అయినట్టే. అప్పటికీ సూదుల్లా లేస్తుంటే ప్రాసెసర్ వేడి ఎంతుందో, ర్యామ్ ఏ స్పీడులో నడుస్తోందో ఈ రెండు అంకెలతో పాటు గ్రాఫ్ స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.